నీళ్ళు తాగిన రోజు

ఖైరూ, సలాం.

నువ్వు వెళ్ళిపోయి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ అందరం బాగున్నాం. ఈ మాట ఇన్నాళ్ళకు అబద్ధం లేకుండా రాయగలుగుతున్నాను. అందుకే ఈ రోజు కూర్చున్నాను.

జుమ్మా నమాజు అయ్యాక ప్రతిసారీ నీ సమాధి దగ్గరికి వస్తూనే ఉన్నాను. నిలబడి ఫాతెహా చదువుతాను... ఆ తర్వాత నీతో చెప్పాలనుకున్న వాటిలో ఒక్కటీ నోటికి రాదు. పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ఎవరూ లేకపోతే, మసీదు ముందర ఆటో అడ్డంగా పెట్టి వచ్చానే, తీయమని ఎవరైనా అరుస్తారేమో అని మనసు అటే ఉంటుంది. అందుకని కాలనీ గేటు బయట ఆటో ఆపుకుని, వెనక సీట్లో కూర్చుని రాస్తున్నాను. మన ఆడవాళ్ళు పనులు ముగించుకుని బయటికి రావడానికి ఇంకా టైముంది.

ఇంట్లో మనం ఉర్దూలోనే మాట్లాడుకున్నాం కదా... మరి నీ మాటలు తలుచుకుంటే తెలుగులోనే ఎందుకు వినిపిస్తాయి నాకు? పొద్దున్నే ఆటోలో నా వీపు వెనక నువ్వు వాళ్ళతో మాట్లాడినవే ఎక్కువ కాబోలు. నేను రోడ్డు చూస్తూ బండి నడిపేవాణ్ణి. నీ ముఖం కనిపించేది కాదు. గొంతు మాత్రం చెవి పక్కనే ఉండేది.

షామీర్‌పేట దారిలో ఈ కాలనీ ఉన్న చోట ఒకప్పుడు ద్రాక్ష తోట ఉండేది. పెళ్ళికి ముందు మీ అమ్మతో కలిసి నువ్వు ఇక్కడే గుత్తులు కోసేదానివట. "గా తెల్ల బంగ్లా ఉన్నకాడనే మా అమ్మ నాకు సద్ది విప్పి పెడుతుండె" అని వచ్చిన ప్రతి కొత్తామెకూ చూపించేదానివి. తోటలు పోయి ప్లాట్లు పడ్డాయి. ప్లాట్లలో విల్లాలు లేచాయి. గుత్తులు కోసిన చేతులతోనే నువ్వు ఆ విల్లాల్లో గిన్నెలు తోమావు, వంట చేశావు. మన ఊరి ఆడవాళ్ళు సగం మంది నీ వెంటే. దాని గురించి నువ్వు ఎప్పుడూ ఏడవలేదు. పని పనే అనేదానివి.

నీకు కోపం తెప్పించింది ఒక్కటే సంగతి.

పొద్దున్నే గేటు లోపలికి వెళ్ళిన మనిషి మధ్యాహ్నం దాటితే గానీ బయటికి రాదు. అంతసేపూ ఎక్కడికి వెళ్ళాలి? బాత్రూములు కడిగేది వీళ్ళే. వాడనివ్వనిది కూడా వీళ్ళనే. ఆ మాట పైకి అడగడానికి సిగ్గు. అందుకని అందరూ నీళ్ళు తాగడం మానేశారు. ఎండాకాలంలో కూడా బాటిల్ నిండుగా తీసుకెళ్ళి నిండుగానే వెనక్కి తెచ్చేవారు. నువ్వూ అంతే చేశావు కదా, ఏళ్ళ తరబడి. నాకు కూడా చెప్పకుండా...

సత్తెమ్మవ్వకు షుగరు. మొక్కలకు నీళ్ళు పోసే పని ఆమెది. పాపం, ఆపుకోలేక ఒక రోజు ప్రహరీ గోడ వెనక్కి వెళ్ళింది. కెమెరాలో పడింది. ఆ ఫొటో కాలనీ వాళ్ళ ఫోన్లన్నిటిలోకీ పోయింది. మర్నాడు గేటు దగ్గర గార్డు ఆమెను ఆపేశాడు, మనం తిరిగి వెళ్ళేదాకా ఆమె గేటు బయటే కూర్చుంది.

ఆ రోజు తిరుగు దారిలో సత్తెమ్మవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. అప్పుడు నీ గొంతు వినిపించింది. "అవ్వా, కొంగు తీయ్. సిగ్గు నీది గాదు. ఫొటో దీసినోనిది."

నువ్వు లీడరమ్మవి అయింది ఆ రోజే అంటుంది సత్తెమ్మవ్వ. నువ్వు ఆ మాట వింటే నవ్వేదానివి. జెండా లేదు, మైకు లేదు. మన ఆటోనే నీ ఆఫీసు. నీ పద్ధతి కూడా వేరు. "నేనొక్కదాన్నే మాట్లాడితే ఖైరున్ బీకి ఏందో పరేషాని ఉన్నదంటరు. అందరు మాట్లాడాలె. తప్పో ఒప్పో, తలా ఒక్క మాట." అందరిచేతా ఆటోలోనే మాట్లాడించేదానివి. పేరు చెప్పాలి, ఏం పని చేస్తుందో చెప్పాలి, ఏం కావాలో చెప్పాలి. యాదమ్మ నీకు గుర్తుందిగా! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వేది. "నా పేరు యాదమ్మ" అనేసరికి మన ఊరు వచ్చేసేది. నువ్వు విసుక్కోలేదు. "మంచిగ జెప్పినవ్. రేపు రెండో మాట జెప్పు" అనేదానివి.

నేనే ఉండబట్టలేక, కాలనీ ప్రెసిడెంటు దగ్గరికి నేనూ వస్తాను, నేను అడుగుతాను అన్నాను. నువ్వు చెయ్యి అడ్డంగా ఊపావు. "నక్కో. నువ్వు మాట్లాడితే సారు నిన్నే జూస్తడు, మమ్మల్ని జూడడు. నువ్వు బండి జల్దీ తోలు, చాలు."

కాలనీ సంఘం ఆఫీసులో అందరూ వరసగా నిలబడి అడిగారట. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారట. ఆఖరున నువ్వు అన్న మాట నాకు సుభద్ర గారు చెప్పారు. నువ్వు పని చేసిన ఇంటి టీచరమ్మ గారే. "సారూ, మాకేం వద్దు. పొద్దుగాల లోపలికొస్తం, పగటీలి దాటినంక బయటికి వోతం. నడుమల ఎటు వోవాల్నో మీరే వేలు వెట్టి సూపియ్యుండ్రి. గాడికే వోతం." ఆ ప్రెసిడెంటు ఎక్కడని వేలు పెట్టి చూపిస్తాడు?

అట్లా సత్తెమ్మవ్వ మళ్ళీ పనిలోకి వచ్చింది, అట్లా వచ్చింది ఆ బాత్రూము గది. గేటు పక్కన, జనరేటరు వెనక. తలుపు, లైటు, నల్లా, బయట ఒక చిన్న బల్ల. ఎవరు చూసినా అదేం గొప్ప అంటారు. ఆ రోజు మీరంతా ఆటోలో పెట్టిన కేకలు మేడ్చల్ డిపో దాకా వినిపించి ఉంటాయి.

అక్కడితో ఆగావా నువ్వు? నెలకు రెండు సెలవుల కోసం పోట్లాడావు. ఎవరినైనా మొగుడు కొడితే పోలీస్ స్టేషన్ దాకా తోడు వెళ్ళావు. ఒంటరి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పింఛను కోసం మేడ్చల్ ఆఫీసుల చుట్టూ తిరిగావు. నువ్వు వెళ్ళిన ప్రతిసారీ ఎవరేమంటారో, ఎవరు అడ్డం వస్తారో... చీకటి పడక ముందే మన ఇంటి గేటు చప్పుడయితే హమ్మయ్య అనుకునేవాణ్ణి. ఆ ఒక్క చప్పుడు కోసం ఎన్ని సాయంత్రాలు ఎదురుచూశానో నీకు తెలుసా? తెలిసే ఉంటుంది. చెప్పులు విప్పుతూనే "వచ్చిన, వచ్చిన" అని అరిచేదానివి కదా.

తర్వాత నీ కిడ్నీలు పాడయ్యాయి. నీళ్ళు తాగకుండా గడిపిన ఏళ్ళ వల్లే అయి ఉండొచ్చు, గట్టిగా చెప్పలేం అన్నాడు డాక్టరు. నువ్వు మంచం మీదే నవ్వావు. "వాళ్ళందరికి ఈ ముచ్చట జెప్పు. బయపడి అయినా తాగుతరు."

డయాలిసిస్‌కు వెళ్ళి వచ్చిన రోజుల్లో నీ ముఖం చూడలేకపోయేవాణ్ణి. చెయ్యంతా నల్లగా కమిలిపోయేది. దాహం వేస్తే కూడా గుక్కలు కొలిచి ఇవ్వమన్నారు. తాగగలిగిన రోజుల్లో తాగనివ్వలేదు... తాగాలన్న రోజుల్లో తాగకూడదు. ఇదేం న్యాయం ఖైరూ?

ఒక మాట చెబుతాను, తిట్టకు. నువ్వు కన్ను మూసినప్పుడు ఏడుపు వచ్చింది. దాంతోపాటే లోపల ఎక్కడో ఏదో వదులైంది. ఇక సూదులు లేవు, ఇక ఆ డయాలిసిస్ కుర్చీ లేదు, నా ఖైరున్‌కు ఇక నొప్పి లేదు అని. అలా అనిపించినందుకు కొన్నాళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇమామ్ సాబ్‌తో చెబితే ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ప్రేమ ఉన్నోనికే అట్ల అనిపిస్తది చాంద్ పాషా" అన్నారు. అప్పటి నుంచి తిట్టుకోవడం మానేశాను.

కానీ నీ చివరి రోజుల్లో నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. "నేను వోయినంక ఈళ్ళు మల్ల గోడ ఎన్కకు వోతరా చాంద్?" నేను దుప్పటి సర్దాను. అంతే.

నువ్వు పోయాక ఆటో మూగదైపోయింది. ఎక్కడం, దిగడం. నీ చోట ఎవరూ కూర్చునేవారు కాదు. ఇరుక్కుని అయినా పక్కకే కూర్చునేవారు. ఈ లైను వదిలేసి గండిమైసమ్మ దిక్కు నడుపుకుందామని కూడా అనుకున్నాను.

అంతలో కాలనీలో కొత్త కమిటీ వచ్చింది. ఇళ్ళకు వచ్చే పార్సిళ్ళు గేటు దగ్గర కుప్పలు పడుతున్నాయట. పెట్టడానికి చోటు లేదట. ఒక రోజు పొద్దున చూస్తే నువ్వు తెచ్చిన గదికి తాళం. లోపల అట్టపెట్టెలు. కొత్త ఆర్డరు, నేనేం చేయను అన్నాడు గార్డు.

ఖైరూ, ఎవ్వరూ ఏమీ అనలేదు. అదే నన్ను భయపెట్టింది. ఒక్కరు కూడా... తలలు వంచుకుని లోపలికి వెళ్ళిపోయారు. నాలుగు రోజులు గడిచాక చూశాను. ఆటోలో బాటిళ్ళు మళ్ళీ నిండుగా వెళ్ళి నిండుగానే తిరిగొస్తున్నాయి.

నాకు ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచించు. గేటు దాటి లోపలికి వెళ్ళి ఆ తాళం పగలగొట్టాలనిపించేది. ఇంజను ఆపి వెనక్కి తిరిగి నాలుగు మాటలు అనేద్దాం అని ఎన్నిసార్లు అనుకున్నానో! కానీ నువ్వు చెయ్యి అడ్డంగా ఊపినట్టే ఉండేది. నోరు మూసుకుని బండి నడపడం అంత కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఒక సోమవారం. కాలనీ మలుపు రాకముందే వెనక నుంచి చిన్న గొంతు. "చాంద్ అన్నా, జర బండి పక్కకు ఆపవా?"

యాదమ్మ!

ఆపాను. ఎవరికైనా వాంతి వస్తోందేమో అనుకున్నాను. అద్దంలోంచి చూశాను. యాదమ్మ తన బాటిల్ మూత తీసింది. ఎత్తి పట్టుకుని గటగటా తాగేసింది. ఆఖరి చుక్క దాకా. మూతి తుడుచుకుంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు, ఖైరూ.

"నేను తాగిన" అంది. "ఇగ లోపలికి వోయినంక వస్తది. వచ్చినప్పుడు గేటుకాడికి వోయి తాళం దియ్యుమంట. తీసెదాంక ఆడనే నిలవడుత. మీ ఇష్టం మీది."

పక్కనుంచి లారీలు పోతున్నాయి. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను... ముందు కదిలింది ఎవరనుకున్నావు? సత్తెమ్మవ్వ. "నాకైతే తాగకున్నా వస్తది" అంటూనే బాటిల్ తీసింది. అందరూ ఒక్కసారి పక్కున నవ్వారు. అన్నాళ్ళకు ఆటోలో నవ్వు. ఆ నవ్వులోనే మూతలన్నీ ఊడాయి. ఒకామె దగ్గర బాటిల్ లేకపోతే నా సీటు పక్కనున్నది లాక్కుంది. నాకు కళ్ళు మసకబారి కాసేపు బండి తీయలేదు. తొందరేం లేదన్నట్టు వాళ్ళూ ఊరుకున్నారు.

ఆ రోజు నేను వేరే కిరాయికి వెళ్ళలేదు. గేటు బయటే ఉన్నాను. ఊచల్లోంచి అంతా కనిపిస్తుంది.

పొద్దు కొంచెం ఎక్కాక యాదమ్మ వచ్చింది. తాళం ముందు నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే, చేతులు తుడుచుకుంటూ, ఒక్కో విల్లా లోంచి... వరస కట్టారు. గార్డుకు చెమటలు పట్టాయి. ఎవరికో ఫోన్ చేశాడు. బాల్కనీల్లోకి జనం వచ్చారు. సుభద్ర గారు గబగబా నడుచుకుంటూ వచ్చి యాదమ్మ చెయ్యి పట్టుకున్నారు.

"యాదమ్మా, మా ఇంటికి రామ్మా, ఏం ఫరవాలేదు. ఇంతమందిలో ఇలా నిలబడటం ఎందుకు?"

"మీ మంచితనం ఎటు వోదమ్మా" అంది యాదమ్మ. "గని ఇయ్యాల మీరు నన్ను రానిస్తరు. పక్క ఇంటామె సత్తెమ్మవ్వను రానియ్యది. మాకు మా జాగ గావాలె."

సుభద్ర గారు ఒక నిమిషం ఆలోచించారు. "అయితే నేనూ ఇక్కడే ఉంటాను" అని వరస చివర నిలబడ్డారు. ఎండలో, కొంగు తల మీద కప్పుకుని. ఇంకెవరూ రాలేదులే. ఆమె ఒక్కరే.

కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. కుర్రాడే, మర్యాదస్తుడే. "చూడండమ్మా, ఇది కమిటీ తీసుకున్న నిర్ణయం. మీరొక కాగితం మీద రాసివ్వండి. వచ్చే మీటింగులో పెట్టి ఆలోచిస్తాం" అన్నాడు.

"నా పేరు యాదమ్మ" అని మొదలుపెట్టింది. పేరు చెప్పింది, ఏ ఇంట్లో ఏం పని చేస్తుందో చెప్పింది, ఏం కావాలో చెప్పింది. మన ఊరు దాటిపోయినా ఆగేలా లేదు! ఆమె తర్వాత పక్కనున్నామె. ఆ తర్వాత ఇంకొకామె. అతను మధ్యలో ఆపబోయాడు, కానీ ఎవరిని ఆపాలి? ఒకరు ఆగితే ఇంకొకరు.

చివరికి సత్తెమ్మవ్వ వంతు. ఆమె పేరూ చెప్పలేదు, పనీ చెప్పలేదు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, "సారూ, అదంత మంచిదే గని... మీ మీటింగుదాంక ఇది ఆగుతదా?" అంది.

గార్డు నవ్వాడు ముందు. తర్వాత బాల్కనీలో ఎవరో. తర్వాత ఆ ప్రెసిడెంటే, ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, నుదురు రుద్దుకుంటూ నవ్వేశాడు. "తాళం తీయవయ్యా" అన్నాడు గార్డుతో. "ముందు తాళం తీయి. మిగతాది తర్వాత చూద్దాం."

అట్టపెట్టెలు గార్డే మోసి బయట పెట్టాడు. సత్తెమ్మవ్వ లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంది. బయట అంతమందీ ఆ తలుపు వైపే చూస్తున్నారు. ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "ఓ తల్లీ..." అని ఒక్క నిట్టూర్పు విడిచింది చూడు! ఊచల ఇవతల నేను కూడా అదే నిట్టూర్పు విడిచాను.

అంతా తేనెలా జరిగిపోయిందని రాయను. నీకు అబద్ధాలు నచ్చవు. ఇద్దరిని వాళ్ళ ఇళ్ళ వాళ్ళు పనిలోంచి తీసేశారు. ఒకామెకు సుభద్ర గారు వేరే ఇల్లు చూపించారు. ఇంకొకామెకు ఇంకా దొరకలేదు. రోజూ ఎవరో ఒకరు తమ సద్దిలోంచి ఆమెకు ఇస్తున్నారు. పార్సిళ్ళకు గేటు ఆ పక్కన రేకుల షెడ్డు వేశారు. గది మాత్రం ఇక కదలదు. తాళంచెవి యాదమ్మ దగ్గరే ఉంటోంది.

నువ్వు లేవని నేను ఆ రోజు ఎందుకో బాధపడలేదు. ఇంటికి వచ్చి, అన్నం వండుకుని, కడుపునిండా తిన్నాను. నువ్వు పోయాక ఆకలి అంటే ఏంటో తెలియలేదు నాకు. ఆ రోజు తెలిసింది. తిని, అక్కడే చాప మీద ఒరిగి, మధ్యాహ్నమే నిద్రపోయాను. సాయంత్రపు అసర్ అజాన్ వినిపించి లేచేసరికి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. వాళ్ళు మళ్ళీ గోడ వెనక్కి పోలేదు, ఖైరూ. నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే.

మొన్న యాదమ్మ అడిగింది. "అన్నా, ఆదివారం బండి ఖాళేనా? గుండ్లపోచంపల్లి దిక్కు ఇంకో కాలనీల పనికి వోయెటోళ్ళు రమ్మంటున్నరు. మేమెట్ల జేసినమో జెప్పాల్నట." నేను ఆదివారం మేడ్చల్ నుంచి ఒక పెళ్ళి కిరాయి ఒప్పుకుని ఉన్నాను. వాళ్ళకు ఫోన్ చేసి వేరే బండి చూసుకోమన్నాను. పోనీలే, పెళ్ళికి బండ్లు దొరుకుతాయి.

యాదమ్మకు ఇంకా భయమే. వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియడం లేదంటుంది. అయినా వెళ్తానంటుంది. ఇప్పుడు నీ చోట ఆమే కూర్చుంటోంది. అడిగి కూర్చుంది. "కూసోనా అన్నా?" అని. నేను తల ఊపాను.

వీళ్ళను ఎక్కడికి అడిగితే అక్కడికి తీసుకెళ్తాను. తీసుకెళ్ళి, చీకటి పడకముందే ఇళ్ళ దగ్గర దింపుతాను. నా ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం. ఇది నీకు నా మాట.

గేటు తెరుస్తున్నారు. వస్తున్నారు అందరూ. యాదమ్మ ఏదో చెబుతోంది, సత్తెమ్మవ్వ కాదు కాదని చెయ్యి తిప్పుతోంది. ఏం గొడవో ఏమో... ఇక నన్ను రాయనివ్వరు.

హాయిగా ఉండు, ఖైరూ. ఇక్కడి సంగతి ఏం ఆలోచించకు.

నీ చాంద్